సముద్రానికి ఎదురీదిన వీపుసంచి

నేను ఒక వీపుసంచిని. బడి పిల్లలు పుస్తకాలు మోసే రకాన్ని కాదు. కొండలూ కోనలూ తిరిగేవాళ్లు నడుముకు బెల్టు బిగించి మోసే పెద్ద రకాన్ని. రంగు ముదురు నీలం. మాటల్లో కాస్త గొప్పలు వినిపిస్తే ఏమీ అనుకోకండి. చేసిన పని అలాంటిది.

హైదరాబాదు పాతబస్తీలో ఒక ఇరుకు మేడ మీద జైనబ్ బీ నన్ను కుట్టింది. పట్టీలు సంచికి కలిసే చోట దారం మీద దారం వేసి కుట్టడం ఆమె అలవాటు. దారం దండగని కార్ఖానా యజమాని గొణిగితే, "బరువంతా పడేది ఈడనే గద సాబ్," అని మళ్లీ మిషను తొక్కేది. అలా గట్టి పట్టీలతో ఈ లోకంలోకి వచ్చాను.

నన్ను మొదట కొన్నవాడు జనగామ కుర్రాడు కౌశిక్. హిమాలయాలు ఎక్కుతానని కొన్నాడు. లోపల రెండు దిండ్లు కుక్కి, నన్ను తగిలించుకుని డాబా మీద ఫొటోలు దిగాడు. స్నేహితులు ఆహా ఓహో అన్నారు. ఆ మెప్పుతోనే అతని హిమాలయ యాత్ర ముగిసిపోయింది. ఆ తర్వాత నేను చాలా కాలం బీరువా మీద దుమ్ము తిన్నాను. చివరికి బడిలో అతనికి ఆటలు నేర్పిన అనసూయ టీచరు పెద్ద సంచి కోసం వెతుకుతోందని తెలిసి, "ఇదే తీసుకపోండి టీచర్," అని ఇచ్చేశాడు. మనుషులు కలలు కనడానికి కొన్న వస్తువులు ఇలా వాటిని నిజంగా వాడేవాళ్ల చేతికి ఒక్కోసారి చేరుతుంటాయి.

అనసూయకు నలభై ఏడేళ్లు. వయసులో ఉన్నప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడిన మనిషి. భర్త పోయాక చాలా ఏళ్లు ఒంటరిగా ఉండి, ఆ ముందటి ఏడే ఆర్టీసీ డ్రైవరు యాదగిరిని పెళ్లి చేసుకుంది. ఆయనదీ రెండో పెళ్లే. సెలవు పెట్టి విశాఖ తీరానికి వెళ్తున్నామనీ, సముద్రంలో డైవింగు, పడవలు, గాలిలో ఎగరడం అన్నీ చేస్తామనీ అనసూయ చెప్పినప్పుడు యాదగిరి అక్క భారతమ్మ నోరు వెళ్లబెట్టింది.

"ఈ వయసుల గుళ్లకు పోవాలె గని, సముద్రంల దుంకుడేందే?"

"గుళ్లకు ముసలోళ్లమైనంక పోతం వదినా," అని అనసూయ నవ్వి, బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మూతులు బిగించి కట్టి నాలో సర్దింది.

రుషికొండలో సముద్రాన్ని మొదటిసారి చూశాను. అనసూయ చంటిపిల్లలా పరుగెత్తింది. డైవింగు దుస్తులు తొడుక్కుని వెనక్కి తిరిగి, "రాండ్రి!" అని పిలిచింది.

"నువ్వు పో. బ్యాగు నేను చూస్కుంట," అన్నాడు యాదగిరి.

నా మీద ఎంత శ్రద్ధ అనుకుని ఉబ్బిపోయాను. అలల మీద పలక వేసుకుని తేలే ఆట దగ్గరా అదే మాట. పారాచూటు కట్టుకుని నీళ్ల మీద ఎగిరే చోటా అదే మాట. ప్రతిసారీ ఆయన నా పట్టీని పిడికిట్లో బిగించి పట్టుకునేవాడు. ఆ అరచెయ్యి చెమటతో తడిసి ఉండేది. అప్పటికి గాని ఆయన కాపలా కాస్తున్నది నన్ను కాదని నాకు అర్థం కాలేదు.

భీమిలి చేరిన సాయంత్రం అనసూయ ఇసుకలో కూర్చుని, ఆయన వైపు చూడకుండా అంది: "నాతోని వచ్చుడు మీకు ఇష్టం లేదని తెలుస్తనే ఉంది. ముందుగాల చెప్తే నేనొక్కదాన్నే వచ్చేదాన్ని."

యాదగిరి ఇసుకను వేళ్లతో గీకాడు.

"అది కాదు అనసూయా. చిన్నప్పుడు నేను బాయిల పడ్డ. ఎవలో జుట్టు పట్టి గుంజిన్రు. అప్పటిసంది మోకాళ్ల మీదికి నీళ్లొస్తే ఊపిరాడది నాకు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"సముద్రం పేరెత్తితే నీ మొఖం వెలిగిపోతది. నేను భయపడ్తనంటే నువ్వు రాకపోదువు."

మర్నాడు పొద్దున్నే ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నడుం లోతు నీళ్లలోకి తీసుకెళ్లింది. వీపు కింద అరచెయ్యి పెట్టి, "నేను ఇడువ. నువ్వు ఆకాశం దిక్కు చూడు," అంది. ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. ఆయన బిగుసుకుపోయాడు, ఉప్పునీళ్లు మింగాడు, తిట్టుకున్నాడు, మళ్లీ పడుకున్నాడు. ఎండ ముదిరే వేళకు ఆమె మెల్లగా చెయ్యి తీసేసింది. ఆయన తేలుతూనే ఉన్నాడు. ఒడ్డున ఉన్న నాకు చప్పట్లు కొట్టడానికి చేతుల్లేకపోయాయి గాని!

ఆ ధైర్యంతో ఆయనే అన్నాడు, గోస్తని నదిలో కయాకు అనే సన్నటి తెడ్డు పడవ ఎక్కుదామని. నదికి అవతలి ఇసుకతిన్నె దాకా వెళ్లి, అన్నం తిని, తిరిగి రావాలి. గైడు సింహాచలం ఆ ఊరి జాలరి. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు బిగించి, "మరేటీ బయం నేదు బాబూ, మునగమన్నా మునగరు," అన్నాడు. నన్ను ఇద్దరి మధ్యా పడవలో పెట్టారు.

వెళ్లేటప్పుడు హాయిగానే వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు పోటు తీసి, నీళ్లు సముద్రం వైపు లాగసాగాయి. నది సముద్రంలో కలిసే చోటు నుంచి ఒక అల అడ్డంగా వచ్చి పడవను తిరగేసింది. సింహాచలం తన పడవలో చాలా ముందు ఉన్నాడు. నేను నీళ్లలో పడి మునిగి, కవర్లలో ఉన్న గాలి వల్ల పైకి తేలాను. యాదగిరి బోర్లాపడిన పడవను రెండు చేతులా కరుచుకున్నాడు. అనసూయ మాత్రం ప్రవాహంలో సముద్రం వైపు కొట్టుకుపోతోంది. కబడ్డీలో దెబ్బతిన్న పాత కుడి భుజం మళ్లీ జారిపోయింది.

"చెయ్యి లేస్తలేదు!" అని అరిచింది. వెంటనే, "నువ్వు పడవ ఇడువకు! ఇడువకు!" అని కూడా అరిచింది.

ఆ క్షణంలో ఆయన ముఖం చూశాను. కళ్లలో పాత బావి మొత్తం కనిపించింది. పెదవులు నల్లబడ్డాయి. ఆమె వెనక అలలు తెల్లగా విరుగుతున్నాయి.

యాదగిరి పడవ వదిలేశాడు.

చెయ్యి చాచి నన్ను అందుకున్నాడు, ఛాతీ నా మీద వేశాడు, కప్పలా కాళ్లు తన్నడం మొదలుపెట్టాడు. ఘాటు రోడ్డు మీద బస్సు నడిపే మనిషిలా చూపు పక్కకు తిప్పలేదు. ఒక అల మమ్మల్ని ముంచింది. లేచాం. ఇంకోటి ముంచింది. మళ్లీ లేచాం. ఆమె దగ్గరికి చేరగానే నా రెండో పట్టీ ఆమె ఎడమ చేతికి అందించాడు.

"పట్టుకో. గట్టిగ పట్టుకో."

ఒక పట్టీ ఆమె చేతిలో, ఒకటి ఆయన చేతిలో. మధ్యలో నేను. ప్రవాహం ఇద్దరినీ చెరో వైపు లాగింది. నా కుట్లు కిర్రుమన్నాయి. ఒక్క పోగు కూడా తెగలేదు. సింహాచలం తెడ్డు వేసుకుంటూ వచ్చి తాడు విసిరే దాకా మేము ముగ్గురం విడిపోలేదు.

ఒడ్డు చేరాక సింహాచలం ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఏటి బాబూ, ఈత రాదన్నారు గదా?"

"రాదు."

"మరెలా ఎల్లిపోనారు?"

యాదగిరి అలల వైపు చెయ్యి చూపాడు. "ఆమె ఆడ ఉండె," అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు భుజం సరిచేసి కట్టు కట్టాడు. నొప్పికి పళ్లు బిగబట్టిన అనసూయ, బయటికొచ్చి బెంచీ మీద కూర్చోగానే ఏడ్చేసింది.

"ఇడువకంటే పడవ ఇడిసిపెట్టినవు నువ్వు."

"ఇడిసిన," అన్నాడాయన. ఆ ఒక్క మాటలో ఎంత గర్వం ఉందో పక్కనే ఉన్న నాకు తెలుసు. తిరుగు ప్రయాణమంతా నన్ను ఆయనే మోశాడు, మరో భుజానికి ఆమెను ఆనించుకుని.

ఇప్పుడు నా జిప్పు పడదు. అడుగున ఉప్పు చారలు పోలేదు. పెద్ద ప్రయాణాలకు వాళ్లు కొత్త సంచి కొన్నారు, నాకేమీ కోపం లేదు. ఎందుకంటే ఆదివారం పూట ఊళ్లోని ఈత కొలనుకు తువ్వాళ్లు మోసే పని మాత్రం నాదే. మొదటి రోజు వెళ్లినప్పుడు కోచ్ పేరు రాసుకోవడానికి తలెత్తి, నెరిసిన మీసాల యాదగిరి వెనకా ముందూ వెతికి అడిగాడు.

"నేర్చుకునే పిల్లగాడేడి సార్?"

యాదగిరి నన్ను బెంచీ మీద దించి, చొక్కా విప్పుతూ అన్నాడు: "నేనే."