మొదటి ధార

పొద్దున ఎనిమిదింటికి గొట్టం తీశారు. ఇప్పుడు పన్నెండున్నర. బొంగరం ఇంకా ఉచ్చ పోయలేదు.

బొంగరం అన్నది ఆ ఐదేళ్ళ పిల్లాడికి ఇంట్లో పెట్టుకున్న పేరు, ఒక్కచోట కాలు నిలవదని. ఈ పూట మాత్రం వాడు మంచం మీద బిగదీసుకుని కూర్చున్నాడు. కాలు నిలవనిదల్లా డాక్టరుకి. పిల్లల మూత్రం జబ్బులకు ఆపరేషన్లు చెయ్యడంలో పాతికేళ్ళుగా పేరుమోసిన మనిషి, వార్డు వరండాలో కాలుగాలిన పిల్లిలా ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు. కింద ఓపీలో పద్దెనిమిది మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. వాళ్ళను చూద్దామని రెండుసార్లు మెట్లదాకా వెళ్ళాడు, రెండుసార్లూ వెనక్కి వచ్చాడు.

విషయం ఇది. కొందరు మగపిల్లలకు మూత్రం వచ్చే రంధ్రం కొసన కాకుండా కాస్త కిందుగా ఉంటుంది, పుట్టుకతోనే. బొంగరానికీ అంతే. ఏడు నెలల కిందట ఈ డాక్టరే వాడి చర్మంతోనే కొత్త దారి కట్టి, రంధ్రాన్ని కొసకు తెచ్చాడు. కుట్లు మానేదాకా లోపల సన్నటి గొట్టం ఉంచాడు. గొట్టం తీశాక పిల్లాడు మొదటిసారి పోసినప్పుడు ధార రెండుగా వచ్చింది. ఒకటి ముందుకి. రెండోది అడుగున తూటు పడ్డ చోటునుంచి నేరుగా వాడి పాదాల మీదికి. అలాంటి తూటు వెంటనే కుట్టకూడదు, చర్మం మెత్తబడాలి. ఆరు నెలలు ఆగి, పోయిన వారమే కుట్టాడు.

ఇప్పుడు ధార ఒకటా రెండా అన్నది తేలాలి. పోస్తే కదా తేలడం! పొట్ట కింద అప్పుడే గుండ్రంగా ఉబ్బింది. రెండింటిలోపు పోయకపోతే మళ్ళీ గొట్టం వెయ్యాలి. పచ్చికుట్ల మధ్యనుంచి గొట్టం దూర్చడమంటే తడారని గోడకు మేకు కొట్టడమే. అవి విడిపోతే మూడో ఆపరేషన్. మూడోసారికి అక్కడ కుట్టడానికి మంచి చర్మం పెద్దగా మిగలదు.

ఆ వార్డులో ఒక ఆనవాయితీ ఉంది. గొట్టం ఎవరి బిడ్డదైనా సరే, డాక్టరే తీస్తాడు. మొదటి ధార డాక్టరే చూస్తాడు. ఇంకొకరు చూసి చెబితే నమ్మడు. "మా సార్‌కి చెయ్యి చూడ్డం రాదు గానీ ధార చూసి జాతకం చెప్పేస్తారు" అని చిన్న డాక్టర్లు వెనకాల నవ్వుకుంటారు. ఆ మాట ఆయన చెవిన పడకపోలేదు. పడి, లోలోపల మురిసిపోయాడు కూడా.

పన్నెండు ముప్పావుకి ఆయన మళ్ళీ గదిలోకి వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద నాయనమ్మ, చేతిలో కమలాపండు రసం గ్లాసు. తల్లి మాత్రం అవతల కిటికీకి ఆనుకుని నిలబడి ఉంది. పెద్ద నర్సు మూలనున్న కుళాయి సన్నగా తిప్పి, నోటితో శబ్దం చేస్తోంది.

"ష్... ష్... రారా నాన్నా, అదిగో చూడు, కుళాయి కూడా పోస్తోంది."

"నేనేం పాపాయిని కాదు," అన్నాడు బొంగరం. "కుళాయి కట్టెయ్. నీళ్ళు వేస్ట్ చేయకూడదని మా టీచర్ చెప్పింది."

నర్సు కుళాయి కట్టేసి డాక్టరు వైపు తిరిగింది. "ఇరవై ఏళ్ళలో నా ‘ష్’కి లొంగని మొనగాణ్ణి వీణ్ణే చూశాను సార్. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు."

డాక్టరు పొట్ట మీద వేళ్ళు వేసి చూశాడు. పిల్లాడు మొహం చిట్లించాడు. రాకపోవడం కాదు, ఆపుకుంటున్నాడు. మంటకి భయపడి కొందరు అలా ఆపుకుంటారు.

"సిస్టర్, టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పెట్టండి. అందులో కూర్చోబెడదాం. ఒళ్ళు వదులైతే అదే వస్తుంది."

నాయనమ్మ చేతిలో గ్లాసు ఠక్కున బల్లమీద ఆగింది.

"నీళ్ళా! అయ్యో బాబూ, ఇంకా నయం! పోయినసారి నీళ్ళ వల్లే కదా కొంప మునిగింది!"

"నీళ్ళ వల్లా?"

"మరి? ఇంటికెళ్ళిన రోజే ఈవిడగారు, పిల్లాడు చెమటకంపు కొడుతున్నాడని, రెండు చెంబులు పోసింది. వద్దే తల్లీ, పచ్చికుట్లు, నానిపోతాయే అని మొత్తుకున్నాను. వింటేనా? పది రోజులకి అడుగునుంచి కారడం మొదలైంది. ఆ రోజునుంచి మళ్ళీ వీణ్ణి దీని చేతికివ్వలేదు. స్నానం నేనే, బట్టలు మార్చడం నేనే, పక్కలో పడుకోబెట్టుకోవడం నేనే. ఏడు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నాను. మళ్ళీ నీళ్ళంటే ఒప్పుకోను. మా వాడికి ఫోన్ చేస్తానుండండి."

ముసలావిడ కొడుక్కి ఫోన్ చెయ్యడానికి విసవిసా వరండాలోకి వెళ్ళిపోయింది. తల్లి కిటికీ చువ్వకు పట్టిన పెయింటు పెచ్చును గోటితో గీకుతూ నిలబడింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది డాక్టరుకి. కారడం మొదలైంది పది రోజులకి కాదు. గొట్టం తీసిన రోజే, ఇదే వార్డులో, తన కళ్ళ ముందే తూటునుంచి రెండో ధార పడింది. అప్పుడు "కొంచెం ఊరుతోంది, మానిపోతుంది" అని పంపించేశాడు. అసలు ఆ గొట్టం ఏడు రోజులు ఉండాలి. ఆయన ఐదో రోజునే తీశాడు. ఆరో రోజు ఆయనకు ప్రయాణం ఉంది, ఈ ఆపరేషన్ తాను ఎంత బాగా చేస్తాడో నాలుగొందల మంది డాక్టర్ల ముందు బొమ్మలు చూపించి చెప్పే సభకి. చిన్న డాక్టరు ఏడో రోజు తీస్తే ఆనవాయితీ చెడుతుంది. మొదటి ధార ఇంకొకరు చూస్తారు. అందుకని తీసేశాడు.

ఆ తర్వాత ఈ తల్లి ఒకరోజు ఓపీకి ఒంటరిగా వచ్చి అడిగింది, "అది మానకపోవడం నేను స్నానం చేయించడం వల్లేనా డాక్టర్‌గారూ?" అని. ఆయన కేసు షీటు తిరగేస్తూ, "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, వదిలెయ్యండి" అన్నాడు. దయగానే అన్నాననుకున్నాడు. ఎంత సుఖమైన మాటో చూడండి, అటు అవుననీ కాదు, ఇటు కాదనీ కాదు. ఆ మాటను మూటగట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళింది.

ఒంటిగంటా పది. ముసలావిడ ఫోన్ ఇంకా తెమలలేదు, టబ్బు మాట అక్కడే ఆగింది. ఆయన తన గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు, లేచాడు. కళ్ళజోడు తుడిచాడు. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు. సన్నగొట్టం, జెల్లీ, మత్తు సూది సిద్ధం చేయమని నర్సుకు చెబుదామని నోరు తెరిచి, చెప్పలేక మళ్ళీ పిల్లాడి గదికే నడిచాడు. సొంత తప్పు కంటే ఎదుటివాళ్ళు దాన్ని మోయడం చూడటమే ఆయనకు ఎక్కువ బరువుగా ఉంది.

పిల్లాడి ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మంటగా ఉంటుందని భయమా?"

"కాదు."

"మరెందుకురా పోయవు?"

బొంగరం తలుపు వైపు చూశాడు, నాయనమ్మ వస్తోందేమోనని. తర్వాత కిటికీ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"పోయినసారి పోస్తే అమ్మ ఏడ్చింది. నువ్వు కూడా ఇట్లా పెట్టావ్ మొహం." వాడు బుగ్గలు జార్చి డాక్టరు మొహం అచ్చు దించేశాడు. "తర్వాత ఇంట్లో నాయనమ్మ అమ్మని రోజూ తిట్టింది. నాకు సరిగ్గా పోయడం రాదు. అందుకే పోయను."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఈ ఇంట్లో తలా పిడికెడు పంచుకున్నవాళ్ళలో ఐదేళ్ళవాడు కూడా ఉన్నాడు. పంచుకోనిదల్లా పాపం చేసినవాడే.

"నువ్వు సరిగ్గానే పోశావురా. నీ తప్పేం లేదు."

"అమ్మ తప్పా?"

"కాదు."

"మరెవరిది?"

పిల్లల ప్రశ్నలకు పక్కదార్లుండవు. ‘ఎవరిదీ కాదు’ అన్న జవాబు ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. పాతికేళ్ళుగా అలవాటైన జవాబు. గోడ గడియారంలో ఒకటిన్నర. కిటికీ దగ్గర గోరు గీకుడు ఆగిపోయింది.

"నాది," అన్నాడు డాక్టరు.

తల్లి ఇటు తిరిగింది.

"గొట్టం ఏడు రోజులుండాలి. నేను ఊరెళ్ళాలని ఐదో రోజే తీసేశాను. ఇంకెవరూ తీయకూడదు, నేనే తీయాలి, నేనే చూడాలి అనుకున్నాను. అందుకు."

బొంగరం వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "రెండు రోజులు ఆగలేకపోయావా?"

"ఆగలేకపోయాను."

"మీ అమ్మ తిట్టలేదా?"

"మా అమ్మకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

నర్సు ఎందుకో కుళాయి మళ్ళీ తిప్పి, వెంటనే కట్టేసింది. పిల్లాడు మంచం దిగాడు. దిగేటప్పుడు పొట్ట పట్టుకుని వంగాడు.

"బేసిన్ ఇక్కడ పెట్టు. నువ్వు చూడొద్దు. గోడకి తిరుగు."

"నేను చూడాలిరా, డాక్టర్ని కదా. లేకపోతే ఎలా తెలుస్తుంది?"

"అమ్మ చూస్తుంది. నువ్వు గోడకి తిరుగు."

డాక్టరు గోడవైపు తిరిగాడు. ఎదురుగా, ముక్కుకు జానెడు దూరంలో, చేతులు కడుక్కోవలసిన ఏడు పద్ధతుల బొమ్మ ఉంది. ఆయన ఆ ఏడు జతల చేతులనూ వరసగా చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. వెనక ఏమీ వినిపించలేదు. చెమట మెడమీదినుంచి కాలరులోకి జారింది. తిరిగి చూద్దామన్న కోరిక ఎంత బలంగా లాగిందంటే, చెయ్యి గోడకు ఆనించాల్సి వచ్చింది.

ముందు ఒక చుక్క మోగింది. "అబ్బా, మంట!" అన్నాడు బొంగరం.

"మంటే నాన్నా, తగ్గిపోతుంది. నేనున్నానుగా." ఆ తల్లి గొంతు ఆయన ఆ రోజు వినడం అదే మొదలు.

ఆ తర్వాత స్టీలు బేసిన్‌లో ధార మోగడం మొదలుపెట్టి, ఆగకుండా మోగింది. డాక్టరు ఊపిరి బిగబట్టి, దాని కింద ఇంకో చప్పుడు, నేలమీద టపటప ఏదైనా ఉందేమోనని చెవులు రిక్కించాడు. తెలియలేదు. చెవులకు అంత చదువు లేదు.

"చెప్పమ్మా," అన్నాడు గోడతో.

ఆవిడ పూర్తయ్యేదాకా చూసింది. వంగి, అడుగునుంచి కూడా చూసి ఉంటుంది. చివరికి అంది, "ఒకటే. ఒకటే ధార."

ఆయన తిరిగేసరికి తల్లి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, పిల్లాడు ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డాడు. కుట్ల కింద పొడిగా ఉంది. డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

తల్లి మాత్రం సంతోషించడానికి తొందరపడలేదు. "నేనడిగాను మిమ్మల్ని," అంది. "బస్సెక్కి మరీ వచ్చి అడిగాను."

"అడిగారు."

"అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు. అంటే... ఏడు రోజులుంచినా కొందరికి తూటు పడుతుంది. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ నేను తీయకుండా ఉండాల్సింది. మీకు అప్పుడే చెప్పాల్సింది."

ఆవిడ జవాబివ్వకముందే తలుపు తోసుకుని నాయనమ్మ వచ్చింది. బేసిన్ చూసింది. విషయం అర్థమై చేతులు రెండూ జోడించింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మనవడి బుగ్గలు పుణికింది.

"చూశారా బాబూ! నీళ్ళు తగలనివ్వలేదు కాబట్టే నిలిచింది. ఈసారి దీని చేతికి ఇవ్వలేదు కాబట్టే!"

"అది కాదమ్మా," అన్నాడు డాక్టరు. "పోయినసారి తప్పు నాది. కోడలి తప్పేం లేదు."

ముసలావిడ నవ్వింది. "మీరు ధర్మాత్ములు. పిల్ల బాధపడుతుందని మీ మీద వేసుకుంటున్నారు. నాకు తెలీదా ఏంటి!"

ఆయన మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ నవ్వి, ఎంత మంచి మనసో అంది.

అప్పుడు తల్లి లేచి డాక్టరు ముందుకొచ్చింది. "కాగితం మీద రాసివ్వండి."

నర్సు దగ్గింది. "సార్, పేరున్న కాగితం మీద వద్దేమో. రేపేదైనా..."

డాక్టరు జేబులోంచి మందులు రాసే పుస్తకమే తీశాడు, పైన తన పేరూ చదువూ అచ్చయి ఉన్నదే. మోకాలి మీద పెట్టుకుని రాసి, చింపి ఇచ్చాడు. ఆవిడ చదివింది. గొట్టం రెండు రోజులు ముందుగా తీయడం వల్ల తూటు పడి ఉండవచ్చు, స్నానం కారణం అయి ఉండకపోవచ్చు, అని ఉంది. వెనక్కి ఇచ్చేసింది.

"మీ సంగతి ‘ఉండవచ్చు’ అనే ఉంచుకోండి, మీకే తెలీదంటున్నారుగా. నీళ్ళ సంగతి మాత్రం ‘కాదు’ అని రాయండి."

ఆయన కొట్టేసి, ‘స్నానం వల్ల కాదు’ అని రాశాడు.

"తల్లి వల్ల కాదని కూడా."

అదీ రాశాడు. సంతకం చేసి తేదీ వేశాడు.

"ఏం రాశాడే?" అంది నాయనమ్మ. "నాకు చదువు రాదని తెలుసుగా. మందులేనా?"

తల్లి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అత్తగారి ఎదురుగా నిలబడింది. "వినండత్తయ్యా," అని, ఒక్కొక్క మాటా విడమరిచి పైకి చదవడం మొదలుపెట్టింది.