సిస్టరమ్మ చెరిపిన సుద్దగీత

నేను ఒక డిస్ట్రిబ్యూటర్‌ని. సినిమాలు కొనే బాపతు కాదండోయ్, అంత దర్జా నాకెక్కడిది! పాత అంబాసిడర్ ఇంజను పక్కన కూర్చుని నాలుగు ప్లగ్గులకూ నిప్పు వడ్డించేవాణ్ణి. నా వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. లెక్క రాదని నవ్వకండి, ఇంజనుకు అదే పద్ధతి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు మీరు. నా బంతిలో అలాంటి ఆటలు సాగవు.

ఎక్కడో ఫ్యాక్టరీలో అల్యూమినియం కరిగించి నా ఒళ్ళు పోశారు. నెత్తిన నల్లమూత పెట్టి తీగలు తగిలించారు. మొదట ఒక పొగాకు వ్యాపారి పాలబడ్డాను. బండి ఆగినప్పుడల్లా బానెట్ ఎత్తి నన్నే తిట్టేవాడు. తీరా చూస్తే ట్యాంకులో పెట్రోలు ఉండేది కాదు. ఆయన దగ్గర్నుంచి బండిని బాపట్ల సత్యవేదమ్మ కొనుక్కుంది. ఆసుపత్రిలో పురుళ్ళు పోసిన నర్సు, ఊరందరికీ సిస్టరమ్మ. రిటైరయ్యాక కూడా బండి తనే నడుపుతుంది. నా బతుకంతా బానెట్ కింద చీకట్లోనే గడిచింది కాబట్టి, రోడ్డంటే నాకు తెలిసినవి గతుకులే.

ఈ మధ్య నాకు వయసైపోయింది. లోపలి కడ్డీ అరిగి ఊగుతోంది, నిప్పు తప్పుతోంది. బండి మూడుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఫిట్‌నెస్ గడువు శుక్రవారంతో ఆఖరు. సాయంత్రం నాలుగింటిలోగా బండి తనంతట తాను ఆర్టీవో ఆఫీసుకు రాలేకపోతే తుక్కుకిచ్చేస్తానని సిస్టరమ్మ తన తమ్ముడికి మాటిచ్చేసింది. దాంతో శుక్రవారం పొద్దున మెకానిక్ మస్తాన్ కొత్తరకం డిస్ట్రిబ్యూటర్ పట్టుకొచ్చాడు.

నన్ను ఊడదీసేముందు అతను ఇంజను మీద సుద్దతో ఒక గీత గీశాడు. నా లోపల తిరిగే ముల్లు ఎటు చూస్తోందో దానికి గుర్తు. ఇంజను కదలకుండా ఉంటే, కొత్తవాణ్ణి ఆ గీతకు కూర్చోబెడితే చాలు.

"నమాజుకెళ్ళొస్తా సిస్టరమ్మా. బండిని ముట్టుకోబాకండి."

ముట్టుకోకుండా ఉంటే ఆమె సిస్టరమ్మ ఎందుకవుతుంది? నన్ను ఆసుపత్రి స్టీలు ట్రేలో పెట్టి, దూది స్పిరిట్‌లో ముంచి ఇంజనంతా తుడిచేసింది. ఫ్యాను చేత్తో తిప్పి మరీ తుడిచింది. ఫ్యానుతోపాటు ఇంజనూ కదిలింది, సుద్దగీతా పోయింది. ట్రేలోంచి నేను అయ్యయ్యో అంటే వినేదెవరు!

మస్తాన్ వచ్చేసరికి గీత లేదు. అడగడానికి పరువు అడ్డమొచ్చింది. మొదటి పిస్టన్ పైకి తెచ్చి, కొత్తవాడి ముల్లు చూసినవైపే ఒకటో నంబరనుకుని తీగలు తగిలించాడు. సెల్ఫ్ కొట్టగానే ఢామ్మని పేలింది. పెరట్లో కోళ్ళు గోడెక్కాయి. దాపరికం ఎందుకు, నాకు భలే సంతోషమేసింది. కొత్తవాడికి తిక్క కుదిరిందనుకున్నాను. అంతలో వసారాలో గోడ గడియారం కనబడింది. రెండున్నర! వాడు ఓడితే బండి తుక్కు, దాంతోపాటు నేనూ తుక్కే.

"ఏంది మస్తానూ ఇది?"

"గీత గీశానమ్మా, ఏమైపోయిందో!"

సిస్టరమ్మ ట్రేలోని దూది వైపు చూసింది. "తెల్లగా ఉందే, అదా? మురికనుకుని నేనే తుడిచా నాయనా."

"మీ శుభ్రం తగలెయ్య!" అనేసి మస్తాన్ నాలుక కరుచుకున్నాడు. "తప్పు నాదేలెండి. పిస్టన్ రెండుసార్లు పైకొస్తది, గాలి నొక్కేటప్పుడోసారి, పొగ వదిలేటప్పుడోసారి. నేను చూసుకోలా. మొదటి ప్లగ్గు తీస్తా, ఆ బెజ్జం మీద బొటనవేలు పెట్టండి. నేను హ్యాండిల్ తిప్పుతా, గాలి తన్నితే చెప్పండి."

"నలభై ఏళ్ళు పురిటిబిడ్డల ఊపిరి చూసినదాన్ని. తిప్పు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఒక తిప్పుకు ఏమీ లేదు. ఇంకో తిప్పు.

"ఆగాగు! వచ్చింది, ఊపిరొచ్చింది!"

చూస్తే కొత్తవాడి ముల్లు సరిగ్గా ఎదురువైపుకు తిరిగి ఉంది. మస్తాన్ నాలుగు తీగలూ ఎదురెదురుగా మార్చాడు. సిస్టరమ్మ సెల్ఫ్ కొట్టింది. ఒకటి, మూడు, నాలుగు, రెండు! నా వరసే. కొత్త కుర్రాడు ఒక్కటీ తప్పలేదు.

"పాతదాన్ని ఇనుపకొట్టుకి వేసెయ్యనా?" అన్నాడు మస్తాన్.

"చెయ్యి పడిందంటే ఊరుకోను!" అని సిస్టరమ్మ నన్ను తుడిచి, ట్రేతో సహా డాష్‌బోర్డు మీద పెట్టుకుంది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా కాగితం మీద ముద్ర పడింది. తుక్కు గండం గడిచింది. ఆ సంతోషంలో సిస్టరమ్మ ఇంటికి పోకుండా సూర్యలంక దారి పట్టింది. ఈ దారిన ఎన్నిసార్లు బండిని లాక్కొచ్చానో నేను! ఇప్పుడు అద్దంలోంచి చూద్దును కదా, అటూ ఇటూ సరుగుడు తోటలు, చివర ఎదురుగా అంత సముద్రం! ఇన్నాళ్ళూ ఒక్కరైనా నాకు చెప్పారా?