పెద్ద విల్లు పట్టిన ఆదివారం

గోడ మీద నీలం రంగుతో రాసిన మొదటి మాటను జురాందీర్ సున్నంతో కొట్టేస్తున్నాడు. ఒక పూత వేస్తే, అది ఆరేసరికి నీలం మళ్ళీ పైకి తేలింది. రెండో పూత వేశాడు, ఆగి మూడోదీ వేశాడు. "మేస్త్రి గొతేయిరా కపోయిరా బడి" అని తన ఆటపేరుతో రాసినదాంట్లో గొతేయిరా మిగిలాడు, మేస్త్రి పోయాడు.

"రెండు సాయంత్రాలు నిచ్చెన మీద నిలబడి రాశాను మాస్టారూ," అంది జొస్సియారా. తొమ్మిదేళ్ళప్పుడు అతని దగ్గర చేరిన పిల్ల, ఇప్పుడు ఇరవయ్యారు. చిన్నపిల్లల జట్టుకు తనే నేర్పుతుంది.

"అక్షరాలు బాగున్నాయి. మాటే నాది కాదు."

"ముప్ఫయ్యేళ్ళుగా ఈ మెట్ట మీద నేర్పేది మీరు. మీది కాకపోతే ఎవరిది?"

"ఇచ్చేవాడు ఇస్తే నాది."

"ఆయన ఇవ్వడు, మీరు అడగరు, మేం రాస్తే చెరిపేస్తారు. అమ్మా పెట్టదు, అడుక్కు తినానివ్వదు!"

జురాందీర్ నవ్వి, బ్రష్షు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి. మెడ లేదేమో అనిపించే భుజాలు. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు టక్కుమంటుంది. సిమెంటు తిని వేళ్ళ కొసలు పగిలిపోయాయి. వారంలో ఆరు రోజులు సల్వదోర్ నగరమంతా తిరిగి స్నానాల గదుల్లో టైల్స్ అతికిస్తాడు. అక్కడ ఇటుకలు మోసేవాడు కూడా మేస్త్రీ అని పిలుస్తాడు, ఇతనూ పలుకుతాడు. ఈ హాల్లో ఆ మాట అంటే మాత్రం చెవుడు వచ్చినట్టు ఉండిపోతాడు. కపోయిరా ఆటలో ఆ పేరు తనకు తాను పెట్టుకునేది కాదు. నేర్పినవాడు బతికుండగా, ఆట వలయంలో, పదిమంది ఎదుట ఇవ్వాలి. అడిగితే ఇక రాదు. నేర్పినవాడు ఇవ్వకుండా కన్నుమూస్తే ఇంకెవరూ ఇవ్వలేరు. ఇతనికి నేర్పిన బిగోర్న మేస్త్రికి ఎనభై మూడేళ్ళు, పోయిన నెలలో రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి వచ్చాడు. జొస్సియారాకు తొందర పుట్టింది అందుకే. తొందర జురాందీర్‌కూ ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టనంత ఉంది. పైకి చెప్పుకోవడానికి సిగ్గు.

పదకొండో ఏట ఉడికించిన వేరుశనక్కాయలు అమ్ముకుంటూ బిగోర్న మేస్త్రి పెరట్లోకి వెళ్ళాడు. విల్లులా వంచిన ఒంటితీగ వాయిద్యం మోగుతోంది, దాని దరువు కొద్దీ ఇద్దరు మనుషులు ఒకరి కాలికింద ఒకరు దూరుతున్నారు. కొట్లాటా అంటే కాదు, నాట్యమా అంటే అదీ కాదు. బుట్ట దింపి తనూ దూకాడు. మొదటి తన్నుకే వెల్లకిలా పడి వెక్కివెక్కి ఏడ్చాడు. "చూరు కారుతోందిరా!" అన్నాడు మేస్త్రి. అదే పేరైంది, గొతేయిరా, కారే చూరు. ఆ తర్వాత ఏడాది పాటు పెరడు ఊడ్పించాడే గాని కాలెత్తనివ్వలేదు. నేర్పడం మొదలుపెట్టాక మెచ్చుకున్నదీ లేదు. "నీ తన్ను నా దాకా వచ్చేలోపు నేను వెళ్ళి కాఫీ తాగి రావచ్చు," అనేవాడు.

ఇతనికి ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒకే ఏడాది మెట్ట మీద ముగ్గురు కుర్రాళ్ళు తుపాకులకు పోయారు. మూడోవాడు ఇతని తమ్ముడు. శ్మశానంలోనే మేస్త్రి పక్కకు పిలిచి, "సాయంత్రాలు ఊరికే తిరిగే పిల్లల్ని పోగెయ్యి. ఏడుపు ఎక్కడికీ పోదు, తర్వాతైనా ఏడవచ్చు," అన్నాడు. మొదటిరోజు నలుగురు వచ్చారు, అందులో ఒకడు డప్పు ఎత్తుకుపోదామని వచ్చాడు. వాడు ఇప్పుడు బస్సు డ్రైవరు, తన కూతుర్ని ఇక్కడికే పంపుతాడు. ఇలాంటి పిల్లలు ఎంతమందో జురాందీర్ ఎప్పుడూ లెక్క పెట్టలేదు.

మూడింటికి మేస్త్రి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల దుస్తులు, తెల్ల టోపీ. ఎవర్నీ చెయ్యి పట్టనివ్వకుండా అన్ని మెట్లూ తనే ఎక్కాడు. మెట్ల కింద అకరజే గారెలు వేసే నిల్జేతి పొయ్యి ఆర్పి, కుర్చీ మోసుకుంటూ వెనకాలే వచ్చింది.

"పట్టుకుంటానంటే తిడతాడు. పడితే నన్నే అంటారు," అందామె.

మేస్త్రి గోడవైపు చూశాడు. "ఆ గోడకి కట్టు కట్టావేమిట్రా?"

"రంగు పాడైంది మేస్త్రీ."

"అబద్ధం ఆడటం కూడా నేర్పాల్సింది నీకు," అన్నాడాయన.

వలయం కట్టారు. పిల్లలు, పెద్దలు కలిసి నలభైమంది. వాయిద్యాల బెంచీ మధ్యలో మేస్త్రి పెద్ద విల్లు పట్టుకుని కూర్చున్నాడు. ఎడమపక్కన రెండో విల్లుతో జురాందీర్. పెద్ద విల్లు ఎవరి చేతిలో ఉంటే ఆట వారి మాట వింటుంది. అది వేగం పెంచితే పెరగాలి, నేలకు వంచితే ఆగాలి. విల్లుతో పాటు తీగను కొట్టే పుల్ల, స్వరం మార్చడానికి తీగను అదిమే రాయి ఉంటాయి. బిగోర్న మేస్త్రికి రాయి విషయంలో ఒక పట్టింపు ఉంది. చెయ్యి నొప్పెడితే విల్లూ పుల్లా ఎవరికైనా ఇస్తాడు, రాయి మాత్రం ఇవ్వడు. రాయి తన దగ్గరుంటే వలయం తనదే, ఎవరికైనా ఇస్తే వాళ్ళని మేస్త్రిని చేసినట్టే. అది ఇక్కడ అందరికీ తెలుసు.

నాలుగో జోడీ ఆడుతుండగా మేస్త్రి లేచాడు. జురాందీర్ తన విల్లూ రాయీ పక్కవాడికి అందించాక, పెద్ద విల్లు తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. పుల్ల ఇచ్చాడు. జురాందీర్ తనకు తెలియకుండానే అరచెయ్యి చాపాడు. మేస్త్రి ఆ చేతిని చూసి, పిడికిలి మూసి, బెంచీ వెనక్కి తిరిగి గోడ దగ్గరున్న కుర్చీవైపు నడిచాడు. ఉత్త చెయ్యి అలా గాలిలో ఉండటం నలభైమందీ చూశారు.

జురాందీర్ బెంచీ మధ్యకు జరిగి, జేబులోంచి ఒక నాణెం తీసి తీగకు అదిమాడు. ఒళ్ళు మండిపోయింది. నలభై మూడేళ్ళలో ఊడ్చిన పెరడు, తిన్న తిట్లు, పూడ్చిన తమ్ముడు అన్నీ గుర్తొచ్చాయి. అడగనే అడిగాను, చెయ్యి చాచి మరీ అడిగాను, ఇక రాదు అనుకున్నాడు. ముసలివాడి మీద అంత కోపం ఎన్నడూ రాలేదు. ఆ కోపమంతా తీగమీద చూపించాడు. ఆట వేడెక్కింది. జొస్సియారా గాలిలో తిరిగి చేతుల మీద వాలితే పిల్లలు కేకలు పెట్టారు. అతను ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పెద్ద విల్లు పట్టినవాడు ఆటగాళ్ళ మీదనుంచి చూపు తిప్పకూడదని మేస్త్రే మెడమీద కొట్టి నేర్పాడు. ఆ వేళ చూడకపోవడానికి ఆ సాకు బాగా పనికొచ్చింది.

అరగంట గడిచాక నిల్జేతి మేస్త్రికి మంచినీళ్ళు పట్టుకెళ్ళింది. వలయం అవతలి నుంచి జొస్సియారా ఆమె ముఖం చూసింది. ఆట మధ్యలో నడిచి వచ్చి విల్లు ముందు గొంతుకూర్చుంది.

"మాస్టారూ, ఆపండి. పెద్దాయన..."

జురాందీర్ విల్లు నేలకు వంచాడు. ఆట ఆగింది, డప్పు ఆగింది. అప్పుడు తిరిగాడు. మేస్త్రి తల గోడకు ఆనింది. టోపీ ఒళ్ళో ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద తెరుచుకుని ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు.

జురాందీర్ మోకాలి నొప్పి చూసుకోకుండా కిందికి వంగి, కుర్చీ కింద తడిమాడు.

"ఏం వెతుకుతున్నారు?" అంది జొస్సియారా.

"రాయి. చేతిలోంచి పడిపోయింది."

ఆమె బెంచీ వైపు చూపించింది. "పడలేదు మాస్టారూ. వెళ్తూ వెళ్తూ బెంచీ మీద పెట్టాడు, మీ వెనకే. మీరు చూశారనుకున్నాం. చూసి కూడా కోపంతో తీసుకోలేదనుకున్నాం."

"ఆయన?"

"ఆయనా అలాగే అనుకున్నాడేమో. చాలాసేపు మీ వీపువంకే చూస్తూ కూర్చున్నాడు."

జురాందీర్ అక్కడే నేలమీద కూలబడి, ముసలాయన పాదాలు పట్టుకుని పైకే ఏడ్చాడు. పిల్లలు ఎవరూ బయటికి వెళ్ళలేదు. కాసేపటికి మేస్త్రిని మోసేందుకు నలుగురు వచ్చారు, అందులో బస్సు డ్రైవరు ఒకడు. అన్ని మెట్లూ మెల్లగా దించారు. జురాందీర్ తల వైపు పట్టుకున్నాడు.

మిగిలినవాళ్ళు డప్పు గుడ్డలో చుట్టారు, విల్లుల తీగలు వదులు చేశారు, బెంచీలు గోడకు చేర్చారు. వాయిద్యాల బెంచీని మాత్రం ఎవరూ కదపలేదు. దానిమీద, పెద్ద విల్లు పట్టినవాడు కూర్చునే చోటికి జానెడు వెనకగా, బొటనవేలి ఒత్తిడికి ఒకవైపు గుంటపడిన నల్లరాయి పెట్టిన చోటే ఉంది.