ఇరవై నాలుగో వంతు లారీ

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది పోట్లాట. తర్వాత కుట్టుమిషను లేస్తుంది. ఆ తర్వాత డ్రైవరు లేస్తాడు. ఎడమ కాలు మంచం మీంచి దింపాలంటే రెండు చేతులూ సాయం పట్టాలి కాబట్టి, ఆయనకి లేవడమే ఒక పని. ఆ కాలు చూడగానే బావమరిది గుర్తొస్తాడు. గుర్తు రాగానే తిడతాడు. మిషను ముందు కూర్చున్న భార్య, తన తమ్ముడి మీద పడ్డ తిట్టును విననట్టే విని, పెడలు ఇంకాస్త గట్టిగా తొక్కుతుంది. మూడేళ్ళుగా ఇదే వరస.

డ్రైవరు ఇప్పుడు పేరుకే డ్రైవరు. క్లచ్ నొక్కాల్సిన కాలు వంగదు. పార్సిల్ గోడౌనులో పెట్టెలకి చీటీలు అంటిస్తాడు. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం రెండున్నరకి, ఘాట్ రోడ్డు ఏడో మలుపులో, సిమెంటు బస్తాల లారీతో సహా లోయలో పడ్డాడు. ఎవరో బయటికి లాగారు గానీ, లారీ మాత్రం కాలి బూడిదయింది. ముందు రోజే దానికి బ్రేకులు చేసినవాడు సొంత బావమరిది.

"బ్రేకు మీద కాలేస్తే బురదలో వేసినట్టు దిగిపోయింది," అని డ్రైవరు ఆస్పత్రి మంచం మీంచే చెప్పాడు.

"బ్రేకులు నిక్షేపంలా ఉన్నాయి. బావే నిద్రపోయి ఉంటాడు," అన్నాడు మెకానిక్కు.

విచారణకొచ్చిన అధికారి బూడిదని కెలికి చూసి, కారణం తేలలేదని రాసి వెళ్ళిపోయాడు. కాగితం తేల్చకపోయినా లారీల అడ్డా తేల్చేసింది. కుంటుకుంటూ వచ్చి చెప్పేవాణ్ణి నమ్ముతారా, రెండు కాళ్ళ మీద నిలబడి చెప్పేవాణ్ణి నమ్ముతారా? డ్రైవరు ఊరుకోనూ లేదు. ఆగిన ప్రతి లారీ దగ్గరికీ వెళ్ళి ప్యాంటు పైకి లాగి కాలు చూపించాడు. "బావమరిది బతుకు కోరతాడంటారు. మావాడు కోరిన బతుకు ఇదీ," అనేవాడు. ఏడాది తిరిగేసరికి మెకానిక్కు షెడ్డు మొహం చూసే లారీ లేదు. అతను సైకిళ్ళకి గాలి కొట్టుకుంటూ బతుకుతున్నాడు.

ఇలా ఉండగా కొత్త లారీ యార్డు కట్టారు. అందులో ఆరు షెడ్లు. ఎవరికివ్వాలో వచ్చే నెలాఖరు ఆదివారం యూనియన్ తేలుస్తుంది. మెకానిక్కు కూడా అర్జీ పెట్టుకున్నాడని తెలిసి డ్రైవరు తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచాడు.

"వాడికి షెడ్డా? ఆ ఆదివారం నేనూ వెళ్తా. లారీని తీసుకెళ్తా. నలుగురి ముందూ నడిపించి చూపిస్తా."

నడిపించేది నమూనా లారీ అని భార్యకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏ బండిదైనా ప్లాస్టిక్ కిట్ తెచ్చి, కొలత తప్పకుండా కట్టి, దాని రంగూ దాని నంబరూ వేస్తే, అసలు బండి చివరిసారి ఎలా నడిచిందో ఆ చిన్న బండీ అలాగే నడుస్తుంది. రిటైరైన రైలు గార్డు ఇంట్లో అలమారా మీది ఇంజను రోజూ పదకొండు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరుతుంది. ఆయన ఇప్పటికీ తలదించుకుని సంజాయిషీ చెప్పుకుంటాడు. బడి పంతులమ్మ వాళ్ళ నాన్న పడవ బల్ల మీదే ఎడమ పక్కకి ఒరుగుతుంది. నీళ్ళు కారతాయని కింద పాత తువ్వాలు పరిచి ఉంచుతారు.

"కట్టేదేదో మంచిది తెచ్చి కట్టండి," అంది భార్య దారం కొరుకుతూ. "నాసిరకం సరుకుకి నాలుగు అతుకులేసి, ఇదిగో నీ తమ్ముడి నిర్వాకం అంటే ఒప్పుకోను. అతుకులో నా గోరు దూరిందా, నమ్మను."

"నీ నమ్మకం ఎవడిక్కావాలి?"

"మీకే. లేకపోతే రోజూ పొద్దున్నే నాకు వినపడేట్టు తిట్టడం ఎందుకు?"

కిట్ల దుకాణం నడిపే ఆవిడ ముప్పై ఏళ్ళు పళ్ళు పీకి, ఇక మనుషుల నోళ్ళు చూసింది చాలనిపించి ఈ వ్యాపారంలోకి దిగింది. అందరూ పళ్ళ డాక్టరమ్మ అనే అంటారు. కొనడానికొచ్చేవాళ్ళంటే ఆవిడకి గిట్టదు.

"చేతులు చూపించు," అంది, డ్రైవరు గుమ్మంలో ఉండగానే.

చూపించాడు.

"వేళ్ళనిండా బంక. కడుక్కునిరా."

కడుక్కొచ్చాడు. "ముక్కు లారీ కావాలి, ఇంజను ముందుకి పొడుచుకొచ్చినది. ఆరు చక్రాలది, ఇరవై నాలుగో వంతు స్కేలులో."

"దేనికి?"

"కొనుక్కోవడానికి కూడా కారణం చెప్పాలా?"

"నా దగ్గరైతే చెప్పాలి. అందానికి పెట్టుకునేదాని దారి వేరు, నిజం చూసుకునేదాని దారి వేరు."

డ్రైవరు అలవాటు కొద్దీ ప్యాంటు పైకి లాగి కాలు చూపించాడు. ఆవిడ కాలు వంక చూడనే లేదు. రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పడేసింది. మొదటి పెట్టె మీద బొమ్మ ధగధగలాడుతోంది. లారీ కొండ దిగుతోంది, వెనక సూర్యుడు మండిపోతున్నాడు. డ్రైవరు చెయ్యి దాని మీదికే పోయింది.

"మూత తియ్యి. నువ్వు కట్టేది బొమ్మని కాదు."

తీశాడు. లోపల ముక్కలున్న చట్రాలన్నీ ఒకే సంచీలో కుక్కి ఉన్నాయి. ఆవిడ తలుపు ముక్కని దీపం కిందికి తిప్పింది. "అద్దాలు అప్పుడే గీసుకుపోయాయి. అంచున చూడు, అచ్చు సరిగ్గా మూసుకోక ప్లాస్టిక్కు పొరలా బయటికొచ్చింది, వాచిన చిగుళ్ళలాగ. తలుపు మధ్యలో గుంట, పుచ్చు పన్ను." ఛాసిస్ తీసి గాజుపలక మీద పెట్టి వేలితో నొక్కింది. అది కుంటి పీటలా టకటకమని ఊగింది. "వెనక దీపాలు విడిగా లేవు. బొడిపెలు పోసి వదిలేశారు, నువ్వే ఎర్ర రంగు పూసుకోవాలి."

రెండో పెట్టె బూడిద రంగులో, బొమ్మ కూడా సరిగ్గా లేకుండా ఉంది. ఎత్తి చూస్తే బరువుగా ఉంది. ఒక్కో చట్రం ఒక్కో సంచీలో ఉంది. అద్దాలు పల్చటి కాగితంలో చుట్టారు. తలుపుల గీతలు వెంట్రుకంత సన్నం. నంబర్ల స్టిక్కరు కాగితం పసుపెక్కకుండా తెల్లగా ఉంది. ఛాసిస్ గాజుపలక మీద పెడితే అతుక్కున్నట్టు కూర్చుంది. బ్రేకు దీపాలు బియ్యపు గింజలంత, విడిగా, ఎర్రటి గాజులా మెరుస్తున్నాయి. చక్రం లోపల బ్రేకు డ్రమ్ములూ, డ్రమ్ముల లోపల పట్టీలూ కూడా ఉన్నాయి.

"ఇవి బయటికి కనపడవు కదా?"

"కనపడని చోట అబద్ధమాడితే కనపడే చోట వంకర పోతుంది. ముప్పై ఏళ్ళు అదే చూశాను," అంది ఆవిడ. "ఆ చౌకదానికి సొంత బుర్ర లేదు. కట్టినవాడి మనసులో ఏముంటే అది చేస్తుంది. ఇదైతే లారీ ఏం చేసిందో అది చేస్తుంది. ఏదివ్వను?"

"మంచిదే ఇవ్వండి. నాకేం భయం?"

"భయం సంగతి నేనడిగానా?" అని, మొదటి పెట్టెని కూడా ఆయన చంకలో కుక్కింది. "దీన్ని ఊరికే ఇస్తున్నా. ముందు దీని మీద చెయ్యి తిరగనీ. పాడైనా నాకు దిగుల్లేదు."

చౌకది వారంలో అయిపోయింది. ఇస్త్రీ బల్లని ఏటవాలుగా నిలబెట్టి, దాని మీద సుద్దముక్కతో ఏడు మలుపులు గీసి డ్రైవరు లారీని వదిలాడు. దోమలా రొద చేస్తూ అది దిగింది. ఏడో మలుపు దగ్గర బ్రేకు దీపాలు ఎర్రగా భగ్గుమన్నాయి. చక్రాలు కీచుమన్నాయి. అయినా ఆగకుండా వెళ్ళి కింద పడింది. డ్రైవరు చిన్నపిల్లాడిలా భార్యని కేకేశాడు. ఆమె వచ్చి, లారీని చేతిలోకి తీసుకుని, తలుపుకీ తొట్టికీ మధ్య గోరు పెట్టింది. గోరు సగం దాకా దిగింది. బల్ల మీద పెట్టేసి వెళ్ళింది.

రెండోదానికి అయిదు వారాలు పట్టింది. మొదటి రెండు రోజులు చూసి, మూడో రోజు ఆమే వచ్చి పక్కన కూర్చుంది. ప్రేమ కారిపోయి కాదు. "లేవండి, మీ వేళ్ళు గునపాల్లా ఉన్నాయి," అని నంబరు స్టిక్కరు తను అంటించింది. అలా ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే దీపం కింద, రోజూ సాయంత్రం గంటసేపు కొట్టుకుంటూ కట్టారు.

"లారీకున్న సొట్ట అక్కడ కాదు, ఇంకా కిందికి."

"నా లారీ సంగతి నాకు చెప్తావా?"

"ఆ సొట్ట పడిన రోజు పక్క సీట్లో ఉన్నది నేను."

సొట్ట కిందికే వేశాడు. బ్రేకు పట్టీలు మాత్రం ఆయనే పట్టకారుతో బిగించాడు. అన్నీ ఒకదానికొకటి ఎంత బాగా కుదిరాయంటే, చిన్నప్పటి నుంచీ ఏ నట్టునైనా రెండుసార్లు బిగించి చూసే బావమరిది చేతులు గుర్తొచ్చాయి. ఒళ్ళు మండి ఆ రోజుకి పని ఆపేశాడు.

శనివారం మధ్యాహ్నానికి రంగు ఆరింది. భార్య గోరు పెట్టి లారీ చుట్టూ తిప్పింది. ఎక్కడా దూరలేదు. డ్రైవరు లారీని ఇస్త్రీ బల్ల మీద వదిలాడు.

ఒకటో మలుపు దగ్గర దీపాలు వెలిగి ఆరాయి. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే. ఆరు మలుపులూ అచ్చం ఆయన చేతి వాటంతో తిరిగింది. ఏడోదాని ముందు దీపాలు వెలగలేదు. వేగం తగ్గలేదు, చక్రాలు కీచుమనలేదు. ఒళ్ళో పిల్ల తల వాల్చినంత మెల్లగా ముందు చక్రాలు ఎడమకి వాలాయి. లారీ అంచు దాటి కింద దుప్పటి మీద పడింది.

మళ్ళీ వదిలాడు. మళ్ళీ అంతే. అయిదోసారి కూడా అంతే.

"అతుకు ఎక్కడో తేడా చేసింది," అన్నాడు.

"చేయలేదు. ఆ సంగతి మీకూ తెలుసు."

డ్రైవరు నేల మీద కూలబడ్డాడు. భోజనం చేసిన కడుపు, మోకాళ్ళ మీద ఎండ, సిమెంటు వాసన గుర్తొచ్చాయి. ఆ తర్వాత గుర్తొచ్చింది రాళ్ళ చప్పుడు. మధ్యలో ఏమీ లేదు. బురదలో కాలేసినట్టు అన్న మాటని వెతికితే, అది మొదటిసారి దొరికింది ఆస్పత్రిలో, ఎలా జరిగిందని నర్సు అడిగినప్పుడు. అంతకు ముందు ఎంత తవ్వినా అది లేదు. అన్న తర్వాత మాత్రం కాలికి ఆ మెత్తదనం కూడా తెలియడం మొదలెట్టింది.

ఆదివారం పొద్దున బల్ల మీద రెండు లారీలూ పక్కపక్కనే ఉన్నాయి. యూనియన్‌లో అందరూ డ్రైవర్లే, అతుకుల్లో గోరు పెట్టి చూసేవాడు ఒక్కడూ లేడు. చౌకదాన్ని తీసుకెళ్తే కాదనే నాథుడు లేడు. డ్రైవరు చెయ్యి రెండుసార్లు దాని మీదికి వెళ్ళొచ్చింది. భార్య పక్కనే చెప్పులేసుకుంటూ, ఏది తీసుకెళ్తున్నారని అడగలేదు. అడిగి ఉంటే ఆ పంతానికి చౌకదే తీసుకెళ్ళేవాడేమో.

యార్డులో నలభై మంది దాకా పోగయ్యారు. మెకానిక్కు చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు.

"వచ్చాడయ్యా మా బావ. ఇన్నాళ్ళూ కాలు చూపించాడు, ఇవాళ బొమ్మ తెచ్చాడు."

"నోరు మూసుకుని చూడు," అన్నాడు డ్రైవరు.

ఇంటి నుంచి తెచ్చిన ఇస్త్రీ బల్లని ఇటుకల మీద ఏటవాలుగా పెట్టారు. డ్రైవరు సంచీలోంచి లారీ తీశాడు. సొట్ట చూసి, నంబరు చూసి, వెనక నుంచి ఎవరో "అదే లారీ," అన్నారు. వదిలాడు. ఆరు మలుపులు దాటింది. ఏడో మలుపులో దీపాలు వెలగకుండానే మెల్లగా ఒరిగి, అంచు దాటింది. నేలని తాకేలోపు మెకానిక్కు వంగి పట్టుకున్నాడు.

అక్కడున్నది డ్రైవర్లు. ఆ దీపం వెలగకపోవడమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. యూనియన్ పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిద్రపోయాను," అన్నాడు డ్రైవరు. వెనకవాళ్ళకి కూడా వినపడేట్టు మళ్ళీ అన్నాడు. "బ్రేకులు బాగున్నాయి. నేనే నిద్రపోయాను."

"థూ!" అన్నారెవరో. ఒక్కొక్కరే లేచి ఆయన్ని తప్పించుకుని, దూరంగా నిలబడ్డారు. నిన్నటిదాకా టీ తాగించినవాడు కూడా మొహం తిప్పుకున్నాడు. నాలుగో షెడ్డు మెకానిక్కుదని పెద్ద రెండు ముక్కల్లో చెప్పి, తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

మెకానిక్కు లారీని వెల్లకిలా తిప్పి చక్రాల లోపలికి చూశాడు.

"పట్టీలు ఎవరు బిగించారు?"

"నేనే."

"మూడేళ్ళు సైకిళ్ళకి గాలి కొట్టాను, బావా."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు? మా అక్క మూడేళ్ళు నా గుమ్మం తొక్కలేదు."

వెనక నిలబడ్డ అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు వస్తానురా," అంది.

"నువ్వు రా. ఈయన మాత్రం రాకూడదు."

"రాను," అన్నాడు డ్రైవరు. లారీ కోసం చెయ్యి చాపాడు.

"ఇది నా దగ్గరే ఉంటుంది. నీ దగ్గరుంటే రేపు ఇంకో కథ చెప్తావు," అని మెకానిక్కు దాన్ని చంకలో జాగ్రత్తగా పెట్టుకుని నాలుగో షెడ్డు వైపు నడిచాడు. లారీని గోడవార దించి తాళం తీశాడు. తాళం వచ్చింది గానీ, కొత్తగా వేసిన రంగుకి షట్టరు కింద అతుక్కుపోయింది. భుజం పెట్టి ఒకసారి, కాళ్ళు తన్నిపెట్టి ఒకసారి లాగాడు. కదల్లేదు. సాయం వెళ్దామా అన్నట్టు జనం చూస్తున్నారు. డ్రైవరు ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు.

మెకానిక్కు వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

"దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? అటు పక్క పట్టు."

డ్రైవరు కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి అటు పక్క పట్టాడు.