పొదగని పక్షి

నాలుగు జతల మేజోళ్ళు మూడుసార్లు పిండినా బూడిద నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఓడ దిగి యూ టీ పేటలోని ఇల్లు చేరి రెండు రోజులైంది. అగ్నిపర్వతాల దీవుల మట్టిని కీర్తిక ఇంకా ఉతుకుతూనే ఉంది. విహారం నలుగురిది, ఉతుకుడు ఒక్కదానిది.

హాల్లో ఆమె భర్త మహీధర్ దగ్గర్లోని వుడ్‌ల్యాండ్స్ పేట నుంచి వచ్చిన స్నేహితులకు ఫొటోలు చూపిస్తున్నాడు.

"ఇదే మాలియో పక్షి. వేడి నేలలో గుడ్డు పెట్టి, మట్టి కప్పేసి పోతుంది. పొదగదు, పెంచదు. ఫుల్ ఫ్రీడమ్!"

"అదేం తల్లే, చోద్యం కాకపోతే!" అంది అత్తగారు తారాదేవి. "ఆడపుట్టుక పుట్టి అంత బాధ్యత లేకపోతే ఎలాగమ్మా?"

అందరూ నవ్వారు. కీర్తికకు ఒళ్ళు మండింది. దీవిలో ఆ ఉదయం అత్తగారి గొడుగు, మంచినీళ్ళ సీసాలు, కూతురు వర్షిత టోపీ మోస్తూ తనూ చూసింది. రెండు పక్షులూ వంతులేసుకుని గొయ్యి తవ్వాయి, రెండూ కలిసే వెళ్ళిపోయాయి. నింద మాత్రం ఆడదానికి. మగపక్షికి బాధ్యత లేదా అని ఒక్కరూ అడగలేదు. పిల్ల తనంతట తానే మట్టి తోడుకుని పైకొచ్చి ఆ రోజే ఎగురుతుందని గైడు చెప్తే, "నో ట్యూషన్? సో లక్కీ లా!" అంది వర్షిత. పదకొండేళ్ళ దాని లోకమంతా ఇప్పుడు ఆరో తరగతి చివర రాసే పీఎస్ఎల్ఈ పరీక్షే.

ఇక్కడ ఆరో తరగతి బిడ్డ ఉన్న ఇళ్ళలో తల్లి జీతం లేని సెలవు పెట్టి పక్కన కూర్చోవడం మామూలే. "నువ్వు లీవ్ పెట్టేముందు ఒకసారి తిరిగొద్దాం" అన్నాడు మహీధర్, పెడతావా అని అడగకుండానే. ఎద్దు పుండు కాకికి నొప్పా? సెలవు ఉత్తరం కూడా తనే రాసిపెట్టాడు. వర్షిత పుట్టినప్పుడు ఉద్యోగం మానేసి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కి, మొన్ననే టీమ్ లీడ్ అయింది కీర్తిక. ఈసారి దిగితే మళ్ళీ ఎక్కే ఓపిక లేదు. నిజంగా చాలా అలిసిపోయింది.

స్నేహితులు వెళ్ళాక మహీధర్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"రేపు మండే. లెటర్ పంపావా?"

"పంపలేదు. పంపను కూడా." ఆఖరి మేజోడు కిటికీ బయటి వెదురు కర్రకు తగిలించింది. "దాని పక్కన ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే అంటే, ఈ ఏడు మీరు పెట్టండి లీవ్."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు.

"మరి నా ఉద్యోగం?"

ఉద్యోగం ఏమవుతుందని ఆ ఇంట్లో ఎవరైనా అడగడం, పదమూడేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.