అంతయ్య ఇంగ్లీషు

జిరాక్స్ మిషన్ అద్దాన్ని పాత బనీను గుడ్డతో తుడిచి, అంతయ్య నిన్నటి చెడు కాపీల కట్టలోంచి ఒక కాగితం లాగాడు. సగం నల్లగా, వంకరగా వచ్చిన ఆ కాగితాలను కొట్లో ఎవరూ పారేయరు. అందులో పోటీ పరీక్షల పిల్లల నోట్సు ఉంది, ఇంగ్లీషు మాటలు, పక్కన అర్థాలు. అతని వేలు ఒక్కో వరుసే దిగి 'జెట్టిసన్' దగ్గర ఆగింది. మునిగిపోకుండా ఓడలోంచి బరువు విసిరేయడం. ఓడను అంతయ్య ఎన్నడూ చూడలేదు. కాగితం వెనకవైపు పెన్సిలుతో ఆ మాటను మూడుసార్లు రాసి, పెదవులు కదిలిస్తూ చదువుకున్నాడు.

పదిహేడేళ్లుగా రోజుకొక మాట. అందులోనూ అందరికీ తెలిసిన మాటలు కాదు, ఎవరూ వాడని మాటలు.

అతనికి నలభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. మిషన్ మూత నొక్కీ నొక్కీ కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగింది. గోళ్ల అంచుల్లో టోనరు పొడి ఇంకిపోయి, ఎంత తోమినా పోదు. పొద్దంతా నిలబడే పని కావడంతో సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. ఈమధ్య పొద్దున్నే ఉబ్బుతున్నాయి. సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సులు లేవు, ఆటోలు దొరకడం లేదు. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు రోజూ నడిచే వస్తున్నాడు. ఈరోజు కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర ఛాతీ బరువెక్కి రెండుసార్లు కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. గ్యాసు అనుకున్నాడు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు భార్య అండాలమ్మకూ అదే చెప్పాడు.

"కరెంటు పన్నెండింటికి పోద్దంట అంతయ్యా. ఉన్నంతలో కానిచ్చెయ్," అన్నాడు యజమాని విశ్వేశ్వరరావు, షట్టరు సగమే ఎత్తుతూ. ఆయనది తెనాలి దగ్గర పల్లె. షట్టరు మీద 'జై తెలంగాణ' అని పెద్ద కాగితం ఆయనే అంటించాడు. దాని గురించి అంతయ్య ఏమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. పదిహేడేళ్లు ఒకే కొట్లో నిలబడ్డ ఇద్దరూ ఆ ఒక్క విషయం మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

అంతయ్య నల్లగొండలో ఇంటర్ చదివాడు. అన్నీ పాసయ్యాడు, ఇంగ్లీషు తప్ప. మూడుసార్లు రాస్తే మూడుసార్లూ పోయింది. చివరిసారి నాలుగు మార్కులతో. పొలం కౌలుకిచ్చి పట్నం వచ్చి, ఈ కొట్లో చేరిన వారానికే, కాపీ తీస్తున్న కాగితంలో తనకు తెలియని మాటలే కనపడుతుంటే ఒక లెక్క వేసుకున్నాడు. రోజుకొక మాట నేర్చుకుంటే వచ్చే ఏడాదికి పరీక్ష కొట్టేయొచ్చు. ఆ ఏడాది వచ్చింది, పోయింది. ఎంతమంది పిల్లల పరీక్ష దరఖాస్తులకో కాపీలు తీశాడు, తనది మాత్రం నింపలేదు. మెల్లగా పరీక్ష సంగతి మరుగున పడి మాటలు మిగిలాయి.

ఒకసారి ఒక విద్యార్థితో, "గీ కొలొనెల్ అంటే మిలట్రీల పెద్ద ఆఫీసర్ కదా బాబూ?" అన్నాడు. ఆ అబ్బాయి పగలబడి నవ్వాడు. "కర్నల్ అంకుల్, కర్నల్!" అన్నాడు. తను మాటలను చూశాడే కానీ వినలేదని అంతయ్యకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కొట్లో ఒక్క మాటా పైకి అనలేదు. అండాలమ్మతో మాత్రం అనేవాడు. పిల్లలు లేని ఇంట్లో ఇద్దరూ అన్నం తింటుంటే, ఆమె ఆపకుండా కబుర్లు చెప్పినప్పుడల్లా, "నువ్వు గర్రులస్‌వే," అనేవాడు. "తిడుతున్నవా, మెచ్చుకుంటున్నవా? అదన్న చెప్పు," అనేదామె.

పదకొండున్నరకు షట్టరు కింది నుంచి వంగి ఒక ముసలాయన లోపలికొచ్చాడు. తలకు తువ్వాల, కాళ్లకు దుమ్ము. ప్లాస్టిక్ కవరు విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఇంగ్లీషు ఉత్తరం తీశాడు.

"ఐదు కాపీలు గావాలె సారూ. మా సంఘపోళ్లు అడిగిండ్రు."

తనని సార్ అన్నందుకు అంతయ్య తడబడి కాగితం అందుకున్నాడు. అద్దం మీద బోర్లించబోతూ, అలవాటుగా కళ్లు పరిగెత్తించాడు. ఒక ప్రైవేటు హాస్టల్ ఉత్తరం. విద్యార్థి పేరు మహేష్. తండ్రి పేరు భిక్షపతి.

"నా కొడుకే," అన్నాడు ముసలాయన. "తెలంగాణ రాదేమోనని మనాది పెట్టుకొని పానం తీసుకున్నడు. హాస్టల్లనే. నెల దాటింది." ఉత్తరం వైపు చూపించి అడిగాడు. "మీకు ఇంగిలీషు చదవొస్తదా? ఊళ్లె ఒకడు సగం చదివిండు. అండ్ల పిలగాన్ని తిట్టిండ్రు అన్నడు. ఏం తిట్టిండ్రో చెప్పలేదు."

అంతయ్య ఉత్తరాన్ని వెలుతురులోకి పట్టుకుని మొదటి నుంచి చదివాడు. ఒక్క మాట దగ్గర కూడా ఆగాల్సిన అవసరం రాలేదు. జరిగినదానికి హాస్టల్‌కు ఏ బాధ్యతా లేదు. విద్యార్థి మొదటి నుంచీ రికాల్సిట్రంట్.

ఆ మాట అతనికి తెలుసు. ఏడెనిమిదేళ్ల కింద నేర్చుకున్నాడు. పక్కన రాసిన అర్థం కూడా గుర్తుంది. మొండివాడు, చెప్పిన మాట విననివాడు, లొంగనివాడు.

ముసలాయన అతని నోటివైపే చూస్తున్నాడు.

"ఆళ్లకు సంబంధం లేదని రాసిండ్రే," అన్నాడు అంతయ్య. "అది మాత్రం నిజంగనే రాసిండ్రు. నీకు అబద్ధం చెప్పలేను."

"ఎరుకే. మరి తిట్టు?"

"తిట్టు కాదు." అంతయ్య ఆ వరుస మీద వేలు పెట్టాడు. "రికాల్సిట్రంట్ అని రాసిండ్రు. ఎవ్వనికి తలవంచనోడు అన్నట్టు."

భిక్షపతి తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. "అవును. చిన్నప్పటిసంది గంతే. తలవంచకపోయేది," అన్నాడు. "మా ఇంటామెకు చెప్తా. తిట్టిండ్రంటే అన్నం మానేసింది." ఆ ఇంగ్లీషు మాట ఇంకోసారి చెప్పించుకుని, తనూ పలికి చూసి, కాపీలు కవర్లో పెట్టుకుని వెళ్లాడు.

గల్లాపెట్టె దగ్గర నుంచి విశ్వేశ్వరరావు నెమ్మదిగా అడిగాడు. "దానర్థం అదేనా అంతయ్యా?"

"ఆయన కొడుక్కైతే గదే సార్."

కరెంటు పోయింది. మిషన్ లోపలి ఫ్యాను గిరగిర తగ్గి ఆగింది. అంతయ్య ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"జర పట్టేసినట్టున్నది సార్. అట్ల ఒరుగుత."

వెనకనున్న తెల్లకాగితాల కట్టల మీద ఒరిగి కళ్లు మూసుకున్నాడు. విశ్వేశ్వరరావు పక్క హోటలుకు కేకేసి టీ చెప్పాడు. హోటలు మనిషి గ్లాసు తెచ్చి మిషన్ మూత మీద పెట్టి పోయాడు. అంతలో మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు వచ్చింది. డప్పులు, నినాదాలు. విశ్వేశ్వరరావు షట్టరు పూర్తిగా దించి, చీకట్లో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వాళ్లు దాటిపోయాక షట్టరు ఎత్తాడు.

"టీ చల్లారిపోద్ది, లేయ్ అంతయ్యా."

అంతయ్య లేవలేదు.

ఎవరో ఆటో ఆపారు. దవాఖానలో డాక్టరు నాడి చూసి, తీసుకొచ్చేసరికే అయిపోయిందన్నాడు. తను వంట పని చేసే లేడీస్ హాస్టల్ నుంచి అండాలమ్మ నడుచుకుంటూ వచ్చేసరికి మూడు దాటింది. ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

"పొద్దుగాల గ్యాసు అన్నడు," అంది. కాసేపటికి, "పోయేటప్పుడు ఏమన్న అన్నడా సారూ?" అని అడిగింది.

"కొడుకు పోయిన ఒకాయన ఇంగ్లీషు ఉత్తరం తెచ్చాడమ్మా. మనోడే చదివి అర్థం చెప్పాడు. అంత బాగా ఎవరూ చెప్పలేరు," అన్నాడు విశ్వేశ్వరరావు.

"పైకి చదివిండా? అందరి ముంగట?"

"చదివాడమ్మా."

అప్పుడు ఏడ్చిందామె.

కొట్టు నాలుగో రోజు తెరిచారు. షట్టరు ఎత్తగానే లోపలికి పడ్డ ఎండలో, మిషన్ మూత మీద, మీగడ ఎండి గోధుమరంగు అట్ట కట్టిన ఆ టీ గ్లాసు నిండుగా అలాగే ఉంది.