దగ్గే తుపాకికి బీమా

పొద్దు వాలేసరికి చిన్నతల్లి పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఎసరు కాగేలోపు లోపలి గదిలో, తాళం వేసిన బీరువాలోంచి తుపాకి దగ్గేది. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి గొంతులో గరగర. అచ్చం నరసింగరావు దగ్గే. "ఆఁ, వస్తన్నాను, ఉండు" అని బదులు చెప్పి ఆమె బియ్యం కడిగేది. పక్కింటి జగ్గమ్మ ఆ దగ్గు విని దీపం పెట్టుకునేది. ఊళ్లో ఎవరికీ ఇందులో వింత కనపడలేదు. ఊపిరితిత్తులు చెడి మనిషి పోయాడు, దగ్గు మిగిలింది. మిగిలినది ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

అది జంటగొట్టాల తుపాకి. కొండవార మొక్కజొన్న చేలను అడవిపందులు కుళ్లగిస్తుంటే నరసింగరావు లైసెన్సు మీద కొన్నాడు. ఆయన పోయాక స్టేషనులో అప్పజెప్పేయమని అందరూ చెప్పారు. చిన్నతల్లి వినలేదు. విజయనగరం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి లైసెన్సు తన పేరున మార్పించుకుంది. ఆమెకి తుపాకి పేల్చడం రాదు, పేల్చాలనీ లేదు. ఆ దగ్గు లేకపోతే ఆ ఇంట్లో ఒక్క పూట కూడా బతకలేననుకుంది, అంతే.

చుట్టుపక్కల ఊళ్లలో తుపాకులు దొంగతనం పోతున్నాయని తెలిసి ఆమెకి భయం పట్టుకుంది. గజపతినగరంలో బీమా పనులు చూసే యుగంధర్‌కి కబురు పెట్టింది. అతను బండి మీద వచ్చి, బీరువా తాళం లాగి చూసి, తుపాకి నంబరు రాసుకున్నాడు. ఇంతలో తుపాకి దగ్గింది.

"చెమ్మ తగలనియ్యకండమ్మా, గొట్టాలు తుప్పు పడతాయి" అన్నాడు యుగంధర్.

"దగ్గుక్కూడా బీమా ఉంటాదా బాబూ?"

"దగ్గుకి లేదమ్మా. తుపాకి దొంగలెత్తుకుపోయినా, పోగొట్టుకున్నా, దానికే."

"ఇది కట్టేస్తే ఇంక పోదు కదా?"

యుగంధర్ నవ్వి, "భయం లేదమ్మా" అన్నాడు. అతను అన్నది డబ్బు గురించి. చిన్నతల్లి విన్నది తుపాకి గురించి. దిష్టి తగలకుండా తాయెత్తు కట్టినట్టు, బీమా కట్టిన వస్తువుని దొంగ ముట్టలేడని ఆమె గట్టిగా నమ్మింది. అంత పెద్ద కంపెనీ కాపలా ఉందంటే మాటలా!

ఆ నమ్మకమే కొంప ముంచింది. దసరాకి ఆయుధపూజ. కొడవళ్లు, గునపాలు, నాగలికర్రు వీధరుగు మీద పీటలేసి పేర్చింది. నడుమ తుపాకి, దాని పక్కన తూటాలు, వాటి పక్కన బీమా కాగితం. అన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టింది. నరసింగరావు ఉండగా పూజ లోపలి గదిలో జరిగేది, హారతి కాగానే తుపాకి బీరువాలోకి వెళ్లిపోయేది. ఈసారి చిన్నతల్లి దాన్ని అరుగు మీదే వదిలి, ప్రసాదాలు పంచడానికి పక్కవీధికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి కొడవళ్లు ఉన్నాయి, గునపాలు ఉన్నాయి, బీమా కాగితం కూడా ఉంది. తుపాకి లేదు, తూటాలు లేవు.

స్టేషనుకి పరిగెత్తి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ సాయంత్రం ఎసరు కాగి కాగి ఇగిరిపోయింది. బియ్యం కడగాలని ఆమెకి తోచలేదు. జగ్గమ్మ ఇంట్లో చాలాసేపు దీపం వెలగలేదు.

వారం తిరక్కుండా యుగంధర్ వచ్చాడు.

"తాళంలో లేదని కంపెనీవాళ్లు మొదట కాదన్నారు. పూజ కదా, ఏటేటా జరిగేదే కదా అని ఒప్పించాను. ఇక్కడ సంతకం పెట్టండి, డబ్బు వచ్చేస్తుంది."

"తుపాకి దొరికితేనో?"

"డబ్బు తీసుకున్నాక దొరికితే అది కంపెనీదమ్మా. వాళ్లు పట్టుకుపోతారు."

చిన్నతల్లి పెన్ను తిరిగిచ్చేసింది.

"పిచ్చా ఏటే నీకు!" అని జగ్గమ్మ గసిరింది. "పోయిందెలాగూ పోయింది. వచ్చిందేనా తీసుకోవా?"

"నాను సంతకం ఎడితే ఆయన్ని అమ్మేసినట్టే అప్పా. ఎక్కడున్నా నావోడిగానే ఉండనీ."

మరునాడు పొద్దున్న ఆమె వాకిట్లో కళ్లాపి చల్లుతుండగా గంగులు వచ్చాడు. నరసింగరావుకి పినతండ్రి కొడుకు. గొంగళిలో చుట్టిన తుపాకిని అరుగు మీద పెట్టాడు. చిన్నతల్లికి ఒళ్లు మండిపోయింది.

"నువ్వట్రా దొంగసచ్చినోడా! తోడబుట్టినోడిలాగ సూసినాడు కదరా నిన్ను!"

"కొట్టు వదినా. పందులు సేనంతా నాకీసినాయి. ఒక్కపాలి పేల్సీసి, ఎవులూ సూడకుండా తెచ్చెట్టీద్దావనుకున్నాను. రోజూ కాపుకాత్తే ఒక్కటీ రానేదు. ఇయ్యాల తెలతెల్లారతన్నాది, మొక్కజొన్న కదిలింది. గురి సూసినాను. ఏలు నొక్కబోతన్నాను వదినా, సేతిలోనే దగ్గింది."

"ఆయన దగ్గేనా?"

"అన్న దగ్గే. సేలోంచి మా గున్నమ్మ పలికింది."

ఆ మాట చెప్పి గంగులు ముఖం కప్పుకుని ఏడ్చాడు. గున్నమ్మ అతని పెళ్లాం. ఆవుకి గడ్డి కోయడానికి చీకటితో లేచి అదే చేలోకి వెళ్లింది. నరసింగరావుకి ఒక పద్ధతి ఉండేది. చేలో ఏది కదిలినా ముందు దగ్గేవాడు. మనిషైతే పలుకుతారు, పందైతే పారిపోతుంది. ఆయన జన్మలో ఒక్క పందినీ కొట్టలేదని ఊరంతా ఆటపట్టించేది. ఆ దగ్గు వినగానే గున్నమ్మ ఆయన పోయిన సంగతే మరిచిపోయి, ఎప్పటిలాగే "నానే బావా, గడ్డికొచ్చినాను" అంది.

చిన్నతల్లి కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు. తుపాకి తీసి ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రం ఎసరు పెట్టి కూర్చుంది. కాగింది, తుపాకి దగ్గలేదు. మరునాడూ దగ్గలేదు. గొట్టానికి చెవి ఆనించి విన్నది, మెల్లగా పేరు పెట్టి పిలిచింది, లోపల ఏమీ లేదు. అప్పుడు ఆమె బాగా ఏడ్చింది. ఆయన పోయిన నాడు కూడా అంతగా ఏడవలేదు.

గంగుల్ని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్లింది. "మా మరిదే అట్టుకెళ్లినాడు బాబూ, ఆడే తెచ్చినాడు. తాళమెయ్యనిది నాను. ఇద్దరిదీ తప్పే" అని చెప్పి, తుపాకిని, మిగిలిన తూటాల్ని బల్ల మీద పెట్టేసింది. ఎస్సై ఇద్దర్నీ చెడామడా తిట్టాడు. కేసు సంగతి కోర్టులో తేలాలన్నాడు. ఆమె మాటని మాత్రం ఉన్నదున్నట్టు రాయించాడు.

విషయం తెలిసి యుగంధర్ లబలబలాడుతూ వచ్చాడు. "దొరికాక ఇచ్చేశారేంటమ్మా? బీమా ఇంకా నడుస్తోంది కదా!"

"పోడానికి అందులో ఇంకేటీ నేదు బాబూ" అంది చిన్నతల్లి.

అతను వెళ్లిన కాసేపటికి గున్నమ్మ కొంగులో లేత మొక్కజొన్న కంకులు తెచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని ఒలుస్తోందే గాని తలెత్తలేకపోతోంది. కళ్లనీళ్లు కంకుల మీద పడుతున్నాయి.

"నా మూలంగా నీకు నేకుండా పోనాది అప్పా."

చిన్నతల్లి ఆమెని తేరిపార చూసింది. చెంపకి గడ్డి కోసుకున్న గీత ఉంది, చేతులకి పసరు వాసన ఉంది. మనిషి నిక్షేపంగా ఉంది.

"ఆకరిపాలి దగ్గింది నాను ఇన్నేదే" అంది చిన్నతల్లి. "ఇన్నదానివి నువ్వే. ఎలాగ దగ్గినాడే? ఒక్కపాలి దగ్గి సూపించు."

గున్నమ్మ కళ్లు తుడుచుకుంది. సిగ్గుపడింది. తర్వాత చేతిలో కంకి పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, రెండుసార్లు దగ్గింది.

"ఆఁ, వస్తన్నాను" అని చిన్నతల్లి బియ్యం కడగడానికి లేచింది.